సున్నా ముందు, ఒకటి తర్వాత

మార్చి 4

ఇది ఇప్పుడే రాయాలి. ఒకే సంగతిని ఇవాళ ముగ్గురికి మూడు రకాలుగా చెప్పాను. పొద్దున అమ్మతో "ఎవరో తప్పు రాశారు" అన్నాను. మధ్యాహ్నం నాన్న ఫోన్ చేస్తే "ఆవిడ తప్పు రాసింది" అన్నాను. సాయంత్రం మా క్లబ్బు గడియారాల మాస్టారితో "ఆవిడ కావాలనే రాసిందేమో" అన్నాను. ఒక్క పగటిలో కథ అంత ముదిరింది. నాలుగోసారి పోటీ నడిపిన ఆర్బిటర్ గారికి నా చేతిరాతతో చెప్పాలి. అప్పటికి అది ఏ రూపంలో ఉంటుందో నాకే తెలియదు. అందుకని ముందు ఇక్కడ.

జరిగింది ఇది. నిన్న చదరంగం పోటీలో ఆఖరి రౌండు ఆట నేను గెలిచాను. నల్లపావులతో, సిసిలియన్ డిఫెన్స్ ఆడి గెలిచాను. ఇవాళ క్రీడా కార్యాలయం గోడ మీద అంటించిన జాబితాలో ఆ ఆట నేను ఓడిపోయినట్టు ఉంది.

ఆట అయ్యాక ఫలితం చీటీ ఒకటి నింపి ఇవ్వాలి. అందులో రెండు గడులు. మొదటిది తెల్లపావుల వాళ్ళది, రెండోది నల్లపావుల వాళ్ళది. నలుపు గెలిస్తే సున్నా ముందు, ఒకటి తర్వాత రావాలి. మా చీటీలో ఒకటి ముందుందట. కింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయట. నేను చీటీ చూడలేదు. ఆర్బిటర్ గారు కంప్యూటర్లో చూసి చెప్పారు.

"అరగంటలోపు వచ్చి చెప్పాల్సిందమ్మా," అన్నారు. తర్వాత కాసేపు నా మొహం చూసి, "పై ఆఫీసుకి జాబితా ఇరవయ్యో తేదీన పోతుంది. ఆలోపు ఇద్దరూ ఒకే మాట రాసిస్తే మారుస్తాను. ఒక్కరు రాస్తే మాత్రం నా చేతుల్లో లేదు," అన్నారు.

మొదటి నలుగురినే పై పోటీలకి వెళ్ళే జట్టులోకి తీసుకుంటారు. ఆ ఒక్క పాయింటు ఉంటే నాది నాలుగో స్థానం. లేదు కాబట్టి తొమ్మిదో స్థానం. నాలుగో స్థానంలో ఇప్పుడు నాతో ఆడిన ఆవిడే ఉంది. జట్టు సర్టిఫికెట్ ఉంటే నేను పనిచేసే ఆసుపత్రిలోనే ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుకి ఆటల కోటాలో సీటు వస్తుంది. మామూలు కోటాలో రెండుసార్లు ప్రయత్నించాను. రాలేదు. మూడోసారికి వయసు దాటిపోతుంది.

చీటీ ఆవిడే నింపింది. నేను సంతకం పెట్టానంతే.


మార్చి 5

మధ్యాహ్నం భోజనాల వేళ ఆసుపత్రి స్టోరు గదిలో కూర్చుని రాస్తున్నాను. వెనక ఖాళీ సీసాల పెట్టెలు, ముందు తలుపు. ఎవరైనా వస్తే చప్పుడవుతుంది.

ఆట గురించి రాయాలి. దాన్నెవరూ మార్చలేరు. ఎత్తులన్నీ కాగితం మీద ఉన్నాయి.

ఆవిడ ప్రాథమిక పాఠశాల టీచరు. నలభై ఏళ్ళు ఉంటాయి. కూర్చోగానే పావులన్నిటినీ గడుల మధ్యలోకి సర్ది, నా వైపు పావుల్ని కూడా సర్దబోయి ఆగి, "అలవాటమ్మా, పిల్లల కాలర్లు సర్దినట్టు," అని నవ్వింది. రాజు ముందున్న బంటుని రెండడుగులు వేసింది. నేను కుడిపక్కనుంచి సి వరస బంటుని రెండడుగులు తోశాను. అదే సిసిలియన్. "వాళ్ళు ముందు గుమ్మంలోంచి వస్తే నువ్వు పెరటి గుమ్మంలోంచి పలకరించు," అని మాస్టారు చెబుతుంటారు.

ఆవిడ మంత్రి వైపు కోట కట్టింది. నా రాజు మీదికి బంట్లను వరసగా తోలింది. పదిహేను ఎత్తుల దాకా నేను చచ్చాననే అనుకున్నాను. నా కాళ్ళు బల్ల కింద ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. ఇరవై రెండో ఎత్తులో నా ఏనుగుని ఇచ్చి ఆవిడ గుర్రాన్ని తీసుకున్నాను. ఏనుగు విలువ ఎక్కువ, గుర్రం విలువ తక్కువ. చూసేవాళ్ళకి బంగారం ఇచ్చి ఇత్తడి కొన్నట్టుంటుంది. కానీ ఆవిడ రాజు ఇంటికి ఆ గుర్రమే తలుపు. అది పోయాక నా మంత్రి వచ్చింది, ఒంటె వచ్చింది, గాలి వచ్చింది.

ముప్ఫై ఎనిమిదో ఎత్తు దగ్గర ఆవిడ చాలాసేపు చూసింది. తర్వాత గడియారం ఆపి, ఓడినట్టు ఒప్పుకుని చెయ్యి చాపింది. "బాగా ఆడావమ్మా," అంది. చెయ్యి చల్లగా ఉంది.

ఆటకట్టు కాలేదు. అదే చిక్కు. రాజుని పూర్తిగా కట్టేసి ఉంటే ఎత్తుల కాగితమే సాక్ష్యం అయ్యేది. ఆర్బిటర్ గారు నా కాగితం చూసి, "నలుపు గెలిచేట్టే ఉందమ్మా. గెలిచేట్టు ఉండటం వేరు, గెలవడం వేరు," అన్నారు.


మార్చి 6

పెన్ను ఆవిడ చేతిలోనే ఉంది.


మార్చి 8

నాన్న వారం తర్వాత ఇంటికొచ్చాడు. టైల్స్ వేసే మేస్త్రి కాబట్టి ఎక్కడ పని ఉంటే అక్కడే ఉంటాడు. నాకు ఆట నేర్పింది ఆయనే. ఎవరి ఇంట్లోనో వరండాకి నలుపు, తెలుపు రాళ్ళు పరుస్తుంటే ఆ ఇంటాయన మధ్యాహ్నాలు నేర్పాడట. మిగిలిన ముక్కలు తెచ్చి మా ముందు గదిలో ఎనిమిదికి ఎనిమిది గడులు పరిచాడు. ఇల్లు చిన్నది, మంచం కాలు ఒకటి మూల గడిలోనే పడింది. అందుకని మా ఇంట్లో ఎప్పుడూ ఒక ఏనుగు తక్కువ. మంచం కాలే ఏనుగు. దాన్ని కదపాలంటే అమ్మని లేపాలి.

కాళ్ళు కడుక్కుని రాగానే అడిగాడు.

"ఇంతకీ గెలిచావా లేదా?"

"గెలిచాను నాన్నా."

"మరి ఇంకేంటి?"

"కాయితంలో ఓడిపోయాను."

"ఆడింది బల్ల మీదా, కాయితం మీదా?"

అమ్మ అందుకుంది. "మీరూరుకోండి. నేల మీద నడిచేవాళ్ళ కంటే కాయితం మీద నడిచేవాళ్ళే పైకొస్తున్నారీ రోజుల్లో." నా వైపు తిరిగింది. "అయినా నువ్వెలా చూసుకోలేదే? కరెంటు కాయితం వచ్చినా, డాక్టరు చీటీ వచ్చినా, నువ్వు చదివి ఊ అంటేగానీ ఈ ఇంట్లో ఎవరం చెయ్యి కదపం. నా లాండ్రీ డ్యూటీ పట్టీ కూడా నువ్వు చదివితేనే నేను నమ్ముతాను. మా కాయితాలన్నీ నువ్వు చదువుతావు. నీ కాయితం ఎవరు చదవాలి, మంచం కోడా?"

నాన్న నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

"ఆవిడ రాసిందమ్మా. నేను సంతకం పెట్టానంతే."

నాన్న కంచం దగ్గర చెయ్యి ఆపి, "చూడకుండా పెట్టావా?" అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. ఆ మాట ఇంకెవరైనా అడిగి ఉంటే బాగుండేది. ఆయన అడక్కుండా ఉండాల్సింది. ఎందుకో ఇక్కడ రాయను.


మార్చి 9

గడియారాల మాస్టారి దగ్గరికి వెళ్ళాను. కింద ఆయన గడియారాలు బాగుచేసే కొట్టు, పైన మా క్లబ్బు. మెట్లెక్కుతుంటే నలభై గడియారాలు నలభై రకాల వేళలు చెబుతుంటాయి.

"రావే సిసిలీ," అన్నారు. నన్నలాగే పిలుస్తారు. "ఆ సిసిలీ దీవెక్కడుందో నాకూ తెలీదు, నీకూ తెలీదు. అయినా వాళ్ళ పద్ధతిలో కొట్టుకు చస్తున్నాం."

ఈసారి మొదటినుంచీ చెప్పాను. కంటికి తగిలించుకున్న భూతద్దం తియ్యకుండానే విన్నారు.

"చేతికొచ్చింది నోటికి రాలేదన్నట్టు అయ్యింది నీ పని. ఆవిడ టీచరా? అయితే తేలికే. వెళ్ళి, 'మేడమ్, మీరే తప్పు రాశారు' అని గట్టిగా చెప్పు. టీచర్లకి తప్పు రాశావంటే ఉన్న సిగ్గు ఇంకెవరికీ ఉండదు. అక్కడికక్కడే రాసిచ్చేస్తుంది."

"గట్టిగా అంటే?"

"గట్టిగా అంటే గట్టిగానే. నీ ఏనుగుని ఇచ్చినంత గట్టిగా."

గోడకి మా క్లబ్బు పలక ఉంది. వారంలో జరిగిన ఆటలు మాస్టారో, మాలో ఒకరో చాక్‌పీసుతో దాని మీద రాస్తారు. అక్కడ తెలుపు, నలుపు అన్న లెక్క లేదు. గెలిచినవాళ్ళ పేరు ముందు, పక్కన ఒకటి. ఓడినవాళ్ళ పేరు తర్వాత, పక్కన సున్నా. ఐదేళ్ళుగా ఆ పలక మీద రాసే వంతు నాకూ వస్తూ ఉంది.

అది చూసి లేచాను. బస్సుకి వేళైందని చెప్పాను.

స్టాపులో నలభై నిమిషాలు నిలబడ్డాను.


మార్చి 11

టీచరుగారి బడికి వెళ్ళాను. పిల్లలు వెళ్ళిపోయాక వెళ్ళాను. ఒకటో తరగతి గది. బల్లలు నా మోకాళ్ళ ఎత్తున ఉన్నాయి. ఆవిడ స్టూలెక్కి గోడకి పిల్లల బొమ్మలు గుచ్చుతోంది. నన్ను చూసి దిగలేదు.

"నల్లపావుల పిల్లా! వస్తావనుకున్నాను. ఆ గుండుసూదుల డబ్బా అందుకో."

అందించాను. ఒకటి, రెండు, మూడు బొమ్మలు గుచ్చింది. నాలుగోది తలకిందులుగా గుచ్చింది. నేను చెప్పలేదు.

"జాబితా చూశాను," అంది గోడ వైపే చూస్తూ. "నాలుగో పేరు నాది. మొదట వాళ్ళ పొరపాటేలే, వాళ్ళే దిద్దుకుంటారు అనుకున్నా. మర్నాడు, దిద్దుకోకపోతే బాగుండు అనుకున్నా. ఆ తర్వాత నుంచి ఏమీ అనుకోవడం లేదు, హాయిగా ఉంది." స్టూలు దిగింది. "నన్ను తిట్టుకున్నావా?"

"లేదు మేడమ్."

"కాస్తయినా తిట్టుకోవాలమ్మా. లేకపోతే నేనేమైపోవాలి?"

చిన్నపిల్లల కుర్చీలో కూర్చుంది. నన్నూ కూర్చోమంది. ఇద్దరం మోకాళ్ళు గడ్డాలకి ఆనించుకుని కూర్చున్నాం.

"పదిహేనేళ్ళ నుంచి ఆడుతున్నాను. మా అత్తగారికి నా పావుల పెట్టె అంటే ఒళ్ళుమంట. 'ఆ చెక్కబొమ్మలు' అంటుంది. ఎప్పుడూ ఐదో స్థానం, ఏడో స్థానం. మొన్న నాలుగు అని తెలిశాక ఏమందో తెలుసా? 'అయితే ఊరు వెళ్ళాలన్నమాట, ఆ నాలుగు రోజులూ వంట నేను చూసుకుంటాలే' అంది. ఇన్నేళ్ళలో ఆవిడ నోటంట మొదటిసారి. ఆ మాట వెనక్కి ఎలా ఇమ్మంటావు?"

మాస్టారు చెప్పిన 'గట్టిగా' అన్న మాట బయటికి తియ్యకుండా గుండుసూదుల డబ్బాకి మూత పెట్టాను.

ఆవిడే మళ్ళీ అంది. "ఆ రోజు నాకు కళ్ళు మసకలు. ఓడిపోయినందుకు కాదులే, నీలాంటి పిల్ల అంత బాగా ఆడితే ఎందుకో ఏడుపొచ్చింది. చీటీ నేనే తారుమారు చేసి ఉంటాను. క్లాసులో మార్కులు కూడా అలాగే వేస్తాను, ఒకడివి ఇంకొకడికి. పిల్లలే వచ్చి దిద్దిస్తారు. నేనే రాశాను కదూ?"

"హడావిడిలో... ఏమో మేడమ్," అన్నాను.

"నేనే అయ్యుంటాను. ఇంకెవరు రాస్తారు? నా తప్పుకి నీ సీటు ఎందుకు పోవాలి?" కోర్సు సంగతి ఆర్బిటర్ గారు చెప్పారట. "రాసిస్తాలే. పద్దెనిమిదిన పంపిస్తాను. ఈలోపు మా అత్తగారికి ఎలా చెప్పాలో కాస్త ఆలోచించుకోనీ."

గుమ్మం దాకా వచ్చి నా భుజం తట్టింది.

నేను అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. ఆవిడే అనుకుంది.


మార్చి 12

ఆవిడే ఒప్పుకుంది. ఒప్పుకున్నాక ఇక మాట్లాడటానికి ఏముంది?

ఇవాళ ల్యాబ్‌లో నూట పన్నెండు శాంపిల్ సీసాలు. ప్రతి సీసా మీదా పేరు, నంబరు, తేదీ. ఒక్కటీ తప్పుపోలేదు. రెండేళ్ళలో ఒక్కటి కూడా తప్పుపోలేదు.


మార్చి 13

నా వాంగ్మూలం ఆర్బిటర్ గారికి ఇద్దామని వెళ్ళాను. ఈత కొలను పక్క గది ఆయనది. కాగితాలన్నిటికీ క్లోరిన్ వాసన. నా కాగితంలో మూడో వాక్యం ఇలా ఉంది: 'చీటీ నేను రాయలేదు, సంతకం మాత్రమే చేశాను.'

"టీచరుగారు ఫోన్ చేసింది. తనదే పొరపాటు అంది. మంచావిడ," అన్నారు. "ఉండు, అసలు చీటీ తీస్తాను. రెండు వాంగ్మూలాలతో కలిపి పిన్ను కొట్టాలి."

ఫైలు విప్పి చీటీ బల్ల మీద పెట్టారు. అరచేతి కంటే చిన్న కాగితం.

మొదటి గడిలో ఒకటి. నిలువు గీత, కింద చిన్న అడ్డగీత. పీట మీద నిలబెట్టినట్టు.

మా ల్యాబ్‌లో చేరిన మొదటి వారమే అది నేర్పుతారు. సీసా మీద తడి తగిలితే ఒకటికీ ఏడుకీ తేడా తెలియదు, అందుకని ఒకటి కింద పీట వెయ్యాలి. ఈ ఊళ్ళో ఒకటికి పీట వేసే బడిపంతులమ్మ ఎవరూ ఉండరు.

"ఇవ్వమ్మా," అని చెయ్యి చాపారు.

నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాను.

"రేపిస్తాను సార్. ఒక వాక్యం... అక్షరదోషం ఉంది."

"అక్షరదోషాలకి మార్కులు తియ్యనులే. ఇరవై దాటితే మాత్రం నేనేం చెయ్యలేను, అది పైవాళ్ళ తేదీ."


మార్చి 14

ఇవాళ ఏమీ రాయను.


మార్చి 15

రాస్తాను.

ఆవిడ చెయ్యి చాపింది, నేను పట్టుకున్నాను. ఆవిడ కళ్ళు నిండాయి. కళ్ళజోడు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. నా తల్లి వయసావిడ నా ముందు అలా కూర్చుంటే చూడలేకపోయాను. చూడకూడదనుకున్నాను. అందుకని చీటీ లాక్కున్నాను. ఆవిడ చేతిలో పెన్ను ఉంది, అది నిజమే. దాన్ని నేనే తీసుకున్నాను. "ఇలా ఇవ్వండి మేడమ్, నేను నింపుతాను," అన్నాను. తల వంచుకుని, మా పలక మీద రాసినట్టే, గెలుపు ముందు రాశాను. నా సంతకం చేశాను. చీటీ ఆవిడ వైపు తిప్పి, వేలు పెట్టి చూపించి, "ఇక్కడ పెట్టండి మేడమ్," అన్నాను. ఆవిడ కళ్ళజోడు ఇంకా ఒళ్ళోనే ఉంది. నా వేలు ఎక్కడుంటే అక్కడ సంతకం పెట్టింది.

పన్నెండు రోజులుగా ఇదంతా నాకు తెలుసు. తెలియదని అనుకున్నానంతే.

ఎనిమిదో తేదీన రాయనన్నది కూడా రాస్తాను. నాకు పద్నాలుగేళ్ళప్పుడు పైతరగతికి ఏ సబ్జెక్టులు కావాలో ఒక ఫారం ఇచ్చారు. నేను జ్వరంతో ఉన్నాను. నాన్న వెళ్ళాడు. గుమాస్తా నింపి చూపించిన చోట వేలిముద్ర వేసి వచ్చాడు. తీరా చూస్తే సైన్సు బదులు వేరే గ్రూపు. నేను వాకిట్లో నిలబడి అందరూ వినేట్టు అరిచాను. "చదవడం రానప్పుడు వేలెందుకు పెట్టావు? అడగడానికి నోరు లేదా?" అన్నాను. మర్నాడు నేనే వెళ్ళి హెడ్మాస్టర్ గదిలో పోట్లాడి మార్పించుకున్నాను. ఇంట్లో అందరికీ నా పౌరుషమే గుర్తుంది. నాన్నని అన్నది ఎవరూ ఎత్తరు. ఆ రోజునుంచి ఆయన నాకు చూపించకుండా దేని మీదా వేలు పెట్టలేదు.

ఇవాళ ఆయన పని జరిగేచోటికి క్యారేజీ పట్టుకెళ్ళాను. కొత్త బిల్డింగులో మూడో అంతస్తు, వంటగది. మోకాళ్ళ మీద కూర్చుని టైలుని చెక్క సుత్తితో తడుతున్నాడు.

"అమ్మని పంపకుండా నువ్వొచ్చావేం?"

"నాన్నా, అప్పుడు నిన్ను అలా అనకుండా ఉండాల్సింది."

"ఎప్పుడు?"

"బళ్ళో ఫారం మీద వేలు వేసినప్పుడు."

సుత్తి ఆపలేదు. ఇంకో రెండు దెబ్బలు వేశాడు. "ఎప్పటి మాటో! ఆ గుమాస్తా మంచోడేలేవే. నా వేలు పట్టుకుని మరీ చూపించాడు, ఇక్కడయ్యా అని. ఎక్కడ పెట్టాలో అంత బాగా చూపించినవాడు, పైన ఏం రాశాడో చూసుకునే ఉంటాడనుకుంటాం కదా."

"ఆ చీటీ నేనే రాశాను నాన్నా. ఆవిడ కాదు. ఆవిడకి కళ్ళజోడు లేదు. నేనే వేలు పెట్టి చూపించాను."

అప్పుడు సుత్తి ఆపాడు. చేతులకంటిన సిమెంటు ప్యాంటుకి రాసుకున్నాడు.

"ఆవిడకి తెలుసా?"

"తెలీదు. తనే రాశాననుకుంటోంది. ఆ సిగ్గుతోనే దిద్దిస్తానంది. చెబితే రాసివ్వదేమో. రాసివ్వకపోతే సీటు పోతుంది."

సలహా చెబుతాడనుకున్నాను. క్యారేజీ విప్పి, "తిన్నావా?" అన్నాడు. లేదన్నాను. మూతలో నాకు సగం పెట్టాడు. ఆరని టైల్స్ తొక్కకుండా గుమ్మంలో పక్కపక్కన కూర్చుని తిన్నాం. లేచేటప్పుడు మాత్రం, "ఆ పంతులమ్మ ఆట ఎలా ఉంటుందే?" అని అడిగాడు.

"ధైర్యంగా ఆడుతుంది. ఎదురొస్తుంది."

"అయితే చెప్పొచ్చులే," అన్నాడు.


మార్చి 16

పొద్దున ఆర్బిటర్ గారికి కొత్త వాంగ్మూలం ఇచ్చాను. చదివి, కళ్ళెత్తి, "ఇది ఇస్తే ఆవిడ మాట మార్చుకునే వీలుందమ్మా, తెలుసా?" అన్నారు. తెలుసన్నాను.

గడియారాల మాస్టారికి చెబితే, "ఏనుగుని ఇవ్వమన్నాను గానీ, రాజునే తీసి వాళ్ళ చేతిలో పెట్టమన్నానా?" అని కేకలేశారు. తర్వాత టీ తెప్పించారు.

టీచరుగారికి ఉత్తరం రాసి బడిలో ఇచ్చి వచ్చాను. ఆవిడ క్లాసులో ఉంది. ఎదురుగా చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు, అది కూడా రాసిపెడుతున్నాను. ఉత్తరం నకలు ఇది.

*మేడమ్‌కి నమస్కారాలు.*

*చీటీ మీరు రాయలేదు. నేను రాశాను. ఒకటి కింద అడ్డగీత ఉంది, అది మా ల్యాబ్‌లో రాసే పద్ధతి. ఆర్బిటర్ గారి దగ్గర మీరూ చూడవచ్చు. పెన్ను మీ చేతిలోంచి నేనే తీసుకున్నాను. మీరు కళ్ళజోడు తీసి ఉన్నారని నాకు తెలుసు. అయినా సంతకం ఎక్కడ పెట్టాలో చూపించానే గానీ, పైన ఏముందో చదివి వినిపించలేదు. మీరు నా మాట నమ్మి పెట్టారు.*

*బడిలో మీరు "నేనే రాశాను కదూ" అని అడిగినప్పుడు కాదని చెప్పాల్సింది. చెప్పలేదు. మీకు సిగ్గు వేస్తే నా పని జరుగుతుందని చెప్పలేదు. అందుకు క్షమించమని అడుగుతున్నాను.*

*మీ తప్పు కాబట్టి దిద్దిస్తానన్నారు. మీ తప్పు లేదు కాబట్టి ఆ మాటకి మీరు కట్టుబడి ఉండక్కర్లేదు. ఇప్పుడు మీ దగ్గర ఉన్న ప్రశ్న ఒక్కటే, ఆ ఆట ఎవరు గెలిచారు అన్నది. దానికి మీకు తెలిసిన జవాబు రాస్తే చాలు. చీటీ ఎవరు రాశారో నేను నా వాంగ్మూలంలో రాసేశాను.*

*మీరు రాయకపోయినా నాకు కోపం రాదని రాయబోయాను. అది నిజం కాదు. వస్తుంది. కొన్నాళ్ళకి పోతుందనుకుంటున్నాను. మీ అత్తగారు అన్న మాట నాకూ గుర్తొస్తూనే ఉంది.*

*ఆట గురించి ఒక్క మాట. పద్దెనిమిదో ఎత్తులో మీరు అంచున ఉన్న బంటుని ఇంకో అడుగు తోసి ఉంటే నేను నిలబడేదాన్ని కాదు. ఆ రాత్రి ఎత్తుల కాగితం తిరగేసి మీరూ చూసుకునే ఉంటారు. చూసుకోకపోతే ఇప్పుడు చూడండి. చాలా బాగుంటుంది.*

*జాబితా ఇరవయ్యో తేదీ పొద్దున వెళ్ళిపోతుంది. పద్దెనిమిది సాయంత్రం నాలుగింటికి మీ బడి వదిలే వేళకి గేటు దగ్గర ఉంటాను. ఆలోపు ఆర్బిటర్ గారికైనా, నాకైనా, అవునో కాదో ఒక్క ముక్క రాసివ్వండి. కాదని రాసినా సరే, పద్దెనిమిదో తేదీ లోపు మీ జవాబు కావాలి.*